తీరం చేరని ఓడప్రయాణం

డిసెంబరు సమీపిస్తున్నదంటే చాలు, అమెరికాలోని మన తెలుగువారి ఇళ్ళలో ఒక ప్రశ్న తప్పక వినబడుతుంది: "ఈసారి క్రూయిజుకి వెళ్తున్నారా?" మిషిగన్‌లో వాకిట్లోని మంచును పారతో ఎత్తిపోసుకునేవారికి వెచ్చని సముద్రం మీద మనసు పోవడం సహజమే. పిల్లలకు బడి సెలవులు, పెద్దలకు ఆఫీసు సెలవులు, ఇండియానుంచి వచ్చి నాలుగు గోడల మధ్య విసిగిపోయిన అమ్మానాన్నలు. అన్నీ కలిసివస్తాయి. మయామీకో ఫోర్ట్ లాడర్‌డేల్‌కో విమానం, అక్కడినుంచి ఓడ, ఏడు రాత్రులు, మూడో నాలుగో రేవులు. తిరిగివచ్చిన వారంలోగా ఒక కథనం, దానికి తోడు నలభై ఛాయాచిత్రాలు. శీర్షిక దాదాపు ఎప్పుడూ ఒక్కటే: "మా కరీబియన్ యాత్ర".

ఆ మూడు మాటల్లో 'మా' అన్నది ఒక్కటే నిజమని నా అభియోగం. వారు చూసినది కరీబియన్ కాదు, చేసినది యాత్రా కాదు.

కోపగించుకోకుండా కొంచెం ఓపిక పట్టండి. విశ్రాంతి పాపమని నేననడం లేదు. సంవత్సరమంతా పనిచేసిన మనిషి వారంరోజులు వంట, కారు, ఈమెయిలు లేకుండా సముద్రాన్ని చూస్తూ కూర్చుంటానంటే కాదనడానికి నేనెవరిని? సుఖంగా ప్రయాణించడమూ తప్పు కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నంనుంచి కాశీకి బయలుదేరినప్పుడు పల్లకీలో, పెద్ద పరివారంతోనే వెళ్ళారు. అయినా పదిహేను నెలల ఆ ప్రయాణంలో దిగిన ప్రతి మజిలీలోనూ నీళ్ళెలా ఉన్నాయి, అంగళ్ళలో ఏం దొరుకుతుంది, అక్కడివారి ఆచారాలేమిటి, పాలన ఎవరిది అని విచారించి రాసుకున్నారు. పల్లకీ ఆయన చూపుకు అడ్డం రాలేదు. క్రూయిజు ఓడ విషయం వేరు. బయటి లోకం కనబడకుండా ఉండడానికే అది నిర్మితమైంది. నా తగవు దానితోనే.

ముందుగా, ఆ ఓడ దీవులకు ఎందుకు వెళుతుందో చూద్దాం. దీవులను చూపించడానికని మనం అనుకుంటాం. అమెరికాలో 1886నాటి చట్టం ఒకటి ఇంకా అమలులో ఉంది. విదేశీ జెండా ఎగరవేసే ఓడ ఒక అమెరికా రేవునుంచి మరొక అమెరికా రేవుకు ప్రయాణికులను చేరవేయకూడదు. బయలుదేరిన రేవుకే తిరిగివచ్చేదైతే మధ్యలో ఒక విదేశీ రేవునైనా తాకాలి. క్రూయిజు ఓడల్లో దాదాపు అన్నీ బహమాస్, పనామా వంటి దేశాల జెండాలతో తిరిగేవే. కనుక మయామీలో ఎక్కించుకున్న జనాన్ని మయామీలోనే దింపాలంటే ఏదో ఒక దీవి ఒడ్డున ఆగక తప్పదు. అంటే ఆ మజిలీలో కొంతభాగం కేవలం చట్టానికి చెల్లించే సుంకం. ఓడవారి దృష్టిలో అసలు గమ్యం ఓడే. 2024 జనవరిలో మయామీనుంచి తొలి ప్రయాణం చేసిన 'ఐకాన్ ఆఫ్ ద సీస్' సంగతి చూడండి: 20 అంతస్తులు, నిండా ఎక్కితే 7,600 మంది ప్రయాణికులు, వారికి సేవచేయడానికి మరో 2,350 మంది. జారుడుబండల పార్కు, మంచుమీద ఆటలాడే రంగస్థలం, చెట్లతో ఉద్యానవనం అన్నీ లోపలే. ఇన్ని హంగులున్న ఓడనుంచి మనిషి దిగి, జేబులోని డబ్బును దీవిలో ఖర్చుపెడితే ఓడవారికి నష్టమే కదా!

ఆ నష్టాన్ని నివారించే ఉపాయాన్నీ వారు కనిపెట్టారు. దీవినే సొంతం చేసుకోవడం. 1977లో నార్వీజియన్ సంస్థ బహమాస్‌లోని గ్రేట్ స్టిరప్ కే అన్న చిన్న దీవిని కొన్నది. తరువాత మిగతావారూ అదే బాట పట్టారు. గోర్డా కే అన్న దీవి డిస్నీవారి చేతిలో 1998 నాటికి 'కాస్ట్‌అవే కే' అయింది. లిటిల్ స్టిరప్ కే రాయల్ కరీబియన్‌వారి 'కోకోకే' అయింది. లిటిల్ శాన్ సాల్వడార్‌ను హాలండ్ అమెరికావారు 1990లలో కొని 'హాఫ్ మూన్ కే' అని పేరుపెట్టారు.

ఈ పేర్ల మార్పును తేలికగా తీసుకోకండి. 1492 అక్టోబరు 12న కొలంబస్ బహమాస్‌లో కాలుపెట్టినప్పుడు అక్కడి లుకాయన్లు తమ దీవిని గ్వానహానీ అని పిలుచుకునేవారు. ఆయన దానికి శాన్ సాల్వడార్ అని తన దేవుడి పేరు పెట్టాడు. ఆ తరువాత కొద్ది దశాబ్దాలలోనే లుకాయన్లను బానిసలుగా పట్టుకుపోయి దీవులను ఖాళీ చేశారు. దొర పెట్టిన దేవుడి పేరు పోయి ఇప్పుడు కంపెనీ పేరు వచ్చింది. ఊరికి పేరు మార్చే అధికారం ఎవరిదో, ఊరు వారిదే. మన ఊళ్ళ పేర్ల గురించి ఇంత చర్చించుకునే మనం ఆ ఇసుకమీద నిలబడి ఫొటో దిగేటప్పుడు ఈ సంగతి ఒక్కసారైనా తలచుకోవద్దా?

పేరు మార్చకపోయినా పని జరుగుతుంది. హైతీ ఉత్తర తీరాన లబాడీ అనే చోటుంది. 1980ల మధ్యనుంచి రాయల్ కరీబియన్‌వారు దానిని కౌలుకు తీసుకుని, చుట్టూ కంచె వేసి, తమ ప్రయాణికులకు ఆటస్థలం చేశారు. ఆ కంచె ఆవల ఉన్నది ఏ దేశమో తెలుసుకోవలసిందే. 1791లో ఆ ఉత్తర మైదానంలోని చెరకుతోటల్లోనే బానిసలు తిరగబడ్డారు. పదమూడేళ్ళు పోరాడి నెపోలియన్ సేనను ఓడించి 1804లో స్వతంత్రదేశాన్ని స్థాపించారు. బానిసల తిరుగుబాటునుంచి పుట్టి నిలిచిన దేశం చరిత్రలో అదొక్కటే. ఫ్రాన్సు తిరిగి దండెత్తివస్తుందేమోనని కొండకొమ్మున వారు కట్టుకున్న మహాదుర్గం, సిటడెల్ లాఫెరియేర్, లబాడీకి సరళరేఖలో పాతిక కిలోమీటర్ల దూరం. 1982లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. లబాడీలో దిగిన లక్షలాదిమందికి చూపించినవి మాత్రం తీగకు వేలాడుతూ జారే ఆట, కొబ్బరిచెట్ల కింద పడక కుర్చీలు.

2010 జనవరి 12న హైతీ రాజధానిని భూకంపం నేలమట్టం చేసింది. మూడు రోజులకే, 15వ తేదీన, ఓడ వచ్చి లబాడీలో ఆగింది. శిథిలాలకింద ఇంకా మనుషులున్నారు. వందమైళ్ళకంటే తక్కువ దూరంలో కంచెలోపల జనం ఈత కొట్టారు. న్యాయంగా చెప్పాలంటే, ఆ ఓడ సహాయసామగ్రినీ మోసుకువచ్చింది. రాకపోతే అక్కడ పనిచేసేవారి కూలీ పోయేదని సంస్థ వాదించింది. ఆ వాదనలో కొంత నిజముంది. సందేహం పడి ఓడ దిగని ప్రయాణికులూ ఉన్నారు. కానీ ఒక దేశాన్ని దానిలోని ఒక ముక్కనుంచి అంత సంపూర్ణంగా వేరుచేయగలగడమే నన్ను కలవరపెడుతుంది. 2024నుంచి హైతీలోని అల్లర్ల కారణంగా సంస్థవారు అక్కడ ఆగడం మానుకుంటూ వచ్చారు. ఓడకు మరొక తీరం దొరుకుతుంది. హైతీకి మరొక హైతీ దొరకదు.

ఇక చౌక సంగతి. "హోటలుకంటే చవక, తిండి కూడా అందులోనే" అన్నది మనవారి ప్రధానమైన సమర్థన. ఎందుకు చవకో అడిగినవారు అరుదు. కార్నివాల్ దశాబ్దాలపాటు పనామాలో నమోదైన సంస్థగా నడిచింది. రాయల్ కరీబియన్ నమోదు లైబీరియాలో, నార్వీజియన్‌ది బెర్ముడాలో. కార్యాలయాలు మయామీలో, కొనేవారు అమెరికన్లు, కానీ ఓడల ఆదాయంలో అధికభాగానికి అమెరికా ఆదాయపు పన్ను లేదు. విదేశీ ఓడసంస్థలకు మినహాయింపునిచ్చే సెక్షను ఒకటి అక్కడి చట్టంలో ఉంది. ఏప్రిల్ వచ్చిందంటే పన్ను కాగితాలతో కుస్తీపట్టే మన సాఫ్ట్‌వేరు సోదరులకు ఈ సంగతి రుచించకూడదు.

రెండవ కారణం మనుషులు. గది శుభ్రపరిచేవారు, వడ్డించేవారు, వంటవారు, అడుగు అంతస్తులో బట్టలుతికేవారు ఎక్కువగా ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, ఇండియాలనుంచి వస్తారు. గోవా, ముంబయి, కేరళల కుర్రవాళ్ళు ఏ ఓడలోనైనా కనబడతారు. విదేశీ జెండా కనుక అమెరికా కనీస వేతన చట్టం వారికి వర్తించదు. 2013లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ నావికా శ్రామిక ఒడంబడిక ప్రకారం రోజుకు కనీసం పది గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. తిప్పి చదివితే, రోజుకు పద్నాలుగు గంటల పని చట్టసమ్మతమేనన్నమాట! నెలల తరబడి సాగే ఒప్పందాలు, ఆదివారమన్న మాట లేని వారాలు. "మావాడు కదా అని ప్రత్యేకంగా సాంబారు చేయించి పెట్టాడు" అని మనవారు మురిసిపోతూ రాస్తారు. ఆ సాంబారు పెట్టినవాడు కన్నబిడ్డను చూసి ఎన్ని నెలలైందో రాసినవారు ఎందరు?

మూడవ కారణం సముద్రం. అంతర్జాతీయ నియమాల ప్రకారం తీరానికి 12 నాటికల్ మైళ్ళు దాటితే, నడుస్తున్న ఓడ శుద్ధిచేయని మురుగునే తగు నెమ్మదితో వదలవచ్చు. నియమమే ఇంత ఉదారమైనా దానినీ మీరినవారున్నారు. చమురు కలిసిన వ్యర్థజలాన్ని రహస్య గొట్టం ద్వారా కడలిలో కలిపి, లెక్కల పుస్తకాలను తారుమారుచేసినందుకు ప్రిన్సెస్ సంస్థ 2016లో నేరం అంగీకరించి 4 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకున్నది. బయటపెట్టింది ఓడలో కొత్తగా చేరిన ఒక యువ ఇంజినీరు. ఆ శిక్ష షరతులను ఉల్లంఘించినందుకు దాని మాతృసంస్థ కార్నివాల్ 2019లో మరో 2 కోట్ల డాలర్లు చెల్లించింది. ఆ ఉల్లంఘనలలో బహమాస్ జలాల్లోకి ప్లాస్టిక్ చెత్త వదలడం ఒకటి. ఆ నీటినే మనం 'స్ఫటికంలా ఉంది' అని వర్ణిస్తున్నాం.

దీవులవారు అడ్డుకోవచ్చు కదా అంటారేమో. గ్రెనడా ప్రయత్నించింది. చెత్త పారవేసే ఏర్పాట్లకోసం ప్రయాణికునికి ఒకటిన్నర డాలరు రుసుము అడిగితే, 1999లో కార్నివాల్ ఆ దీవికి రావడమే మానేసింది. ఒకటిన్నర డాలరు! ఓడలో ఒక శీతలపానీయం ఖరీదు రాదు. హోటలు కట్టినవాడు కోపం వస్తే హోటలును ఎత్తుకుపోలేడు. ఓడవాడు లంగరెత్తి పక్క దీవికి పోతాడు. అరడజను చిన్నదేశాలను ఒకదానిపై ఒకటి పోటీకి నిలబెట్టి బేరమాడే బలం అతనికి ఆ లంగరులోనే ఉంది.

ఇంతకీ ఆ తీరాల వెనక ఎవరున్నారు? ఈ ప్రశ్న మన తెలుగువారు ఇతరులకన్నా గట్టిగా వేసుకోవాలి. 1838లో 'విట్‌బీ', 'హెస్పరస్' అనే రెండు ఓడలు కలకత్తానుంచి కూలీలను బ్రిటిష్ గయానాకు చేర్చాయి. 1845 మే 30న 'ఫతెల్ రజాక్' ట్రినిడాడ్ చేరింది. 1853లో 'ఒరేలీ' దక్షిణదేశంలోని ఫ్రెంచి రేవులనుంచి మార్టినీక్‌కు వెళ్ళింది. 1917లో ఆగిపోయేదాకా గయానాకు సుమారు 2,39,000 మంది, ట్రినిడాడ్‌కు సుమారు 1,44,000 మంది వెళ్ళారు. వారిలో అత్యధికులు భోజ్‌పురి ప్రాంతంవారు. కానీ మద్రాసు రేవునుంచి వెళ్ళినవారిలో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. అక్కడ అందరినీ కలిపి 'మద్రాసీ' అన్నారు. ఒకటి రెండు తరాల్లో భాష పోయింది, కొన్ని పేర్లు, మారెమ్మ కొలువు మిగిలాయి. నెలల తరబడి సాగిన ఆ ఓడప్రయాణానికీ మన ఏడు రాత్రుల విహారానికీ సముద్రం మాత్రం ఒక్కటే. ట్రినిడాడ్ రాజధాని ఎదుట నెల్సన్ ఐలాండ్ అనే చిన్న దిబ్బ ఉంది. కూలీలను మొదట దింపి, జబ్బులున్నాయేమో చూసి, తోటలకు పంచినది అక్కడే. మయామీనుంచి వారంరోజుల్లో వెళ్ళిరావలసిన ఓడలకు అంత దక్షిణంగా పోయే తీరిక లేదు కనుక దానిని చూసే తెలుగువారూ లేరు.

చరిత్ర అక్కరలేదంటారా, క్రికెట్టు తీసుకోండి. గుడ్డిదీపం పక్కన రేడియో పెట్టుకుని విన్న తరానికి ఈ దీవులు నామజపంలాంటివి. బార్బడోస్ అంటే సోబర్స్, గయానా అంటే కన్హాయ్, ఆంటిగా అంటే రిచర్డ్స్. 1971లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఇండియా తొలిసారి వెస్టిండీస్‌ను ఓడించిన జట్టులో మన హైదరాబాదీలు అబిద్ అలీ, వికెట్‌కీపరు కృష్ణమూర్తి ఉన్నారు. ఇంత తెలిసిన మనం బ్రిడ్జ్‌టౌన్‌లో దిగి, కెన్సింగ్టన్ ఓవల్ వైపు తలతిప్పకుండా, రేవు ద్వారంలోని వజ్రాల దుకాణంలో రాయితీ కూపను పట్టుకుని నిలబడితే ఏమనుకోవాలి?

సాహిత్యం సంగతి చెప్పనే అక్కరలేదు. సెయింట్ లూసియాలో పుట్టిన డెరెక్ వాల్కాట్ 1992లో నోబెల్ ఉపన్యాసాన్ని దేనితో మొదలుపెట్టారో తెలుసా? ట్రినిడాడ్‌లోని ఫెలిసిటీ అనే పల్లెలో కూలీల సంతతివారు ఆడే రామలీలతో. దానిని తాను నాటకంగా చూడబోయాననీ, వారికది విశ్వాసమనీ ఆయన తన చూపునే నిలదీసుకున్నారు. ఆ మహాకవికున్న సంకోచం మన కెమెరాలకు లేదు. ఆంటిగాలో పుట్టిన జమైకా కిన్‌కెయిడ్ 1988లో 'ఎ స్మాల్ ప్లేస్' అనే చిన్న పుస్తకం రాశారు. అందులో ఆమె నేరుగా యాత్రికుణ్ణే 'నువ్వు' అని సంబోధించి కడిగేస్తారు. ఓడ ఎక్కేముందు ఒక సాయంత్రం చాలు ఆ పుస్తకానికి. ఎక్కాక చదవడం కష్టం.

ఇప్పుడు అభ్యంతరాలు. "పెద్దవాళ్ళతో ఊళ్ళు తిరగలేం, ఓడలో అన్నీ అమరుతాయి" అంటారు. ఇది బలమైన మాట. మోకాళ్ళ నొప్పులున్న తల్లికి ప్రతిరోజూ పెట్టె సర్దే పని లేకుండా సముద్రం చూపించాలనుకోవడాన్ని ఆక్షేపించను. అలా వెళ్ళేవారు వెళ్ళండి. కానీ దానిని ఓడవిహారమని పిలవండి, కరీబియన్ యాత్ర అనకండి. "దీవులవారికి మన డబ్బే ఆధారం, మానేస్తే వారే నష్టపోతారు" అన్నది రెండవ మాట. సగం నిజం. వారికి పర్యాటకమే ఆధారం. అయితే పొద్దున ఎనిమిదికి దిగి సాయంత్రం అయిదుకు ఎక్కేవాడు, మధ్యాహ్న భోజనానికి కూడా ఓడకే తిరిగిపోయేవాడు ఎంత ఇస్తాడు? నాలుగు రాత్రులు అక్కడే పడుకుని, అక్కడి బస్సెక్కి, అక్కడి అమ్మ వండినది తిన్నవాడు ఎంత ఇస్తాడు? వెళ్ళడం మానమని నేననడం లేదు. నిజంగా వెళ్ళమంటున్నాను.

శీతాకాలమే కావాలంటే శీతాకాలంలోనే వెళ్ళండి. జూన్‌నుంచి నవంబరుదాకా తుఫానుల కాలం. అది గడిచాక దీవులు కడిగిన ముత్యాల్లా ఉంటాయి. ఏడు రాత్రుల్లో నాలుగు రేవులు కాక, ఏడు రాత్రులూ ఒక్క దీవి. ట్రినిడాడ్ అనుకోండి. అక్కడి వీసా నియమాలు, భద్రతా సూచనలు ముందుగా చూసుకుని విమానమెక్కండి. వీధి పక్కన వేడివేడిగా శనగల కూర పెట్టి ఇచ్చే 'డబుల్స్' తినండి. ఏ ఊరి రుచి ఎంత దూరం వచ్చి ఏ రూపం తాల్చిందో నాలుకే చెబుతుంది. గుడికి భూమి ఇవ్వకపోతే సముద్రంలో రాళ్ళు పోసి గుడి కట్టిన సేవదాస్ సాధు అనే కూలీబిడ్డ కథ వాటర్లూ గ్రామంలో వినండి. కారపిచైమాలో 85 అడుగుల హనుమంతుణ్ణి చూడండి. దానిని నెలకొల్పినది మన తెలుగువారెందరో కొలిచే మైసూరు గణపతి సచ్చిదానంద స్వామివారే. సెయింట్ లూసియా అయితే కాస్ట్రీస్ నడిబొడ్డున వాల్కాట్ పేరిట చౌకు ఉంది. ఓడ రేవునుంచి కూడా అక్కడికి వెళ్ళవచ్చు, దిగాలన్న బుద్ధి పుడితే.

చివరిగా, కథనం రాయబోయే మిత్రులకు మూడు ప్రశ్నలు. మీరు దిగిన దీవికి ఓడవారు పెట్టక ముందున్న పేరేమిటి? అక్కడ పుట్టి పెరిగిన మనిషితో, అమ్మకం కొనుగోలు కాక, ఒక్క మాటైనా మాట్లాడారా? మీ గది సర్దినవారు ఇంటికి ఎప్పుడు వెళతారో అడిగారా? మూడింటిలో ఒక్కదానికి జవాబున్నా రాయండి; నలభై ఫొటోలు లేకపోయినా నేను రెండుసార్లు చదువుతాను. ఒక్కదానికీ లేకపోతే బుఫేలో ఎన్ని రకాల కేకులున్నాయో రాయండి, అదీ చదువుతాను. శీర్షికలో మాత్రం 'కరీబియన్' అన్న మాట తీసివేయండి. అది అక్కడ ఉండేవారిది.